ఫొటోగ్రఫీ పాఠాలు – 6: ప్రయాణానికి ఒక్క లెన్స్

పోయిన పాఠంలో ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత వెడల్పుగా, ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే ఎంఎం అంకె), ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) సంగతి చూశాం. అందులో ఇచ్చిన అభ్యాసం చేసినవాళ్లకి 18 ఎంఎం దగ్గర ఎంత మేర కనిపిస్తుందో, 55 దగ్గర ఎంతో ఈపాటికి కంటికి అలవాటై ఉంటుంది. ఈసారి ఆ అంకెలకి డబ్బు తోడవుతుంది. ప్రయాణం ఉంది, బ్యాగులో ఒక్క లెన్సే పెట్టుకోవాలి, ధర చేతికి అందాలి. ఏది కొనాలి?

కొట్టువాడినీ తోటి ఫొటోగ్రాఫర్లనీ అడిగే ముందు మీ పాత ఫొటోలని అడగండి. ప్రతి డిజిటల్ ఫొటోలోనూ దాన్ని ఏ ఫోకల్ లెంగ్త్‌తో, ఎంత ఎపర్చర్‌తో, ఎంత షట్టర్ స్పీడుతో (అంటే వెలుతురుని ఎంతసేపు పడనిచ్చి) తీశారో నమోదై ఉంటుంది. దీన్నే ఎగ్జిఫ్ సమాచారం అంటారు. లైట్‌రూమ్‌లోనో, ఉచితంగా దొరికే డిజికామ్‌లోనో ఫోకల్ లెంగ్త్ వారీగా ఫొటోలు వేరుచేసి చూడొచ్చు. అవేవీ లేకపోయినా ఫర్వాలేదు. ఒక వంద ఫొటోలు తీసుకుని ఒక్కోదాని ప్రాపర్టీస్ తెరిచి కాగితం మీద గీతలు పెట్టుకోండి. తీసినవన్నీ కాదు, బాగా వచ్చాయని నలుగురికీ చూపించుకున్నవే లెక్కలోకి తీసుకోండి.

కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చే 18-55 లాంటిది) వాడేవాళ్లకి సాధారణంగా రెండు చివర్లలోనే గీతలు గుట్టపడతాయి. 18 దగ్గర గుట్ట ఉంటే ఆ ఫొటోలు ఒకసారి తెరిచి చూడండి. గోపురం కొన తెగిపోయిందా? గదిలో నలుగురు కూర్చుంటే ఒకరు సగమే పడ్డారా? అలాగైతే మీకు నిజంగానే ఇంకా వెడల్పు కావాలి. తెగిందేమీ లేకపోతే కెమెరా ఆన్ చేసినప్పుడు జూమ్ రింగ్ ఎక్కడుందో అక్కడే నొక్కేస్తున్నారన్నమాట. దానికి కొత్త లెన్స్ అక్కర్లేదు. 55 దగ్గర గుట్టకీ ఇదే పరీక్ష. ఆ ఫొటోలని తర్వాత కంప్యూటర్‌లో క్రాప్ చేశారా లేదా చూడండి. ప్రతిదాన్నీ సగానికి పైగా కత్తిరించి ఉంటే మీ చెయ్యి దూరం కోరుతోంది.

ఇక్కడ క్రాప్ సెన్సర్ లెక్క గుర్తుచేసుకోవాలి. సెన్సర్ అంటే కెమెరాలో బొమ్మని పట్టే పలక; పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత ఉంటే ఫుల్ ఫ్రేమ్, అంతకన్నా చిన్నదైతే క్రాప్ సెన్సర్. ఏపీఎస్-సీ, మైక్రో ఫోర్ థర్డ్స్ అనేవి అలాంటి చిన్న సైజులే. నికాన్, సోనీ, ఫుజీ ఏపీఎస్-సీ కెమెరాల్లో ఫోకల్ లెంగ్త్‌ని 1.5తో, కెనాన్‌లో 1.6తో, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 2తో గుణిస్తే ఫుల్ ఫ్రేమ్ మీద దానికి సమానమైన దృశ్యం తెలుస్తుంది. అంటే 1.5 లెక్కన 18 కాస్తా 27 అవుతుంది. చవగ్గా దొరుకుతోంది కదా అని ఫుల్ ఫ్రేమ్ కోసం చేసిన 24-105 కొని చిన్న సెన్సర్ కెమెరాకి తగిలిస్తే అది 36 నుంచి మొదలవుతుంది. లెన్స్ మంచిదే. ఇరుకు సందులో నిలబడి ఎదురుగా ఉన్న మేడ తీయబోతే మాత్రం వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది. ప్రయాణాల్లో ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఇదే.

అందుకే నా లెక్కలో లెన్స్ మీద రాసిన రెండంకెల్లో మొదటిదే ముఖ్యం. దుకాణంలో అందరి చూపూ రెండో అంకె మీదే ఉంటుంది, 200 అనో 300 అనో. కానీ దూరం చాలకపోతే కత్తిరించుకోవచ్చు, వెడల్పు చాలకపోతే చేయగలిగింది తక్కువ. 24 మెగాపిక్సెల్ కెమెరాతో 135 ఎంఎం దగ్గర తీసిన ఫొటోని 200 ఎంఎంతో తీసినట్టు కనిపించేలా కత్తిరించారనుకోండి. 135ని 200తో భాగిస్తే 0.675, దాన్ని దానితోనే గుణిస్తే దాదాపు 0.46. అంటే ఇంకా 11 మెగాపిక్సెల్స్ చేతిలో ఉన్నాయి. ఏ4 సైజు ప్రింటుకి అవి చాలు. అటువైపు 18కీ 16కీ తేడా రెండే కదా అనిపిస్తుంది గానీ, 1.5 సెన్సర్ మీద మూల నుంచి మూలకి కొలిస్తే 18 ఎంఎం చూపించేది 76 డిగ్రీలు, 16 ఎంఎం చూపించేది 83. ఆ ఏడు డిగ్రీలూ తర్వాత ఏ కత్తిరింపుతోనూ రావు. నాలుగు ఫొటోలు తీసి పనోరమాగా అతికించొచ్చు, నిజమే. ఎదురుగా జనం కదులుతుంటే అతుకు కుదరదు.

ఇక వెలుతురు. మ్యూజియం గదిలో ఒక విగ్రహం ఉంది. ఎఫ్/2.8 ఎపర్చర్ (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది), సెకనులో 60వ వంతు, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే తీరు) 1600తో సరిగ్గా వస్తోంది. అదే చోట ఎఫ్/5.6 లెన్స్ పెడితే లోపలికి వచ్చే వెలుతురు నాలుగో వంతే. ఐఎస్ఓ 6400కి పెంచాలి, లేదా షట్టర్‌ని సెకనులో 15వ వంతుకి దించాలి. లెన్స్‌లో స్టెబిలైజేషన్, అంటే వణుకుని అదుపుచేసే ఏర్పాటు ఉంటే (కెనాన్ దాన్ని ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్, సోనీ ఓఎస్ఎస్, టామ్రాన్ వీసీ) 15వ వంతు దగ్గర కూడా విగ్రహం స్ఫుటంగానే వస్తుంది. అయితే స్టెబిలైజేషన్ ఆపేది మీ చేతి వణుకునే. విగ్రహం ముందు నుంచి నడిచిపోయే మనిషి ఎలాగూ చెదిరిపోతాడు. లెన్స్ మీద 3.5-5.6 అని ఉంటే ఆ 3.5 వెడల్పు చివరలోనే అని మర్చిపోకండి. 18-135 రకం లెన్సుల్లో 70 దగ్గరికి వచ్చేసరికే ఎఫ్/5 దరిదాపుల్లో ఉంటారు.

మరి బజారులో ఏమున్నాయి? చిన్న సెన్సర్ కెమెరాలకైతే మధ్యరకం 18-135, 18-140, 18-150లు. కెనాన్, నికాన్, సోనీ, ఫుజీ నాలుగూ ఈ కోవలో లెన్సులు చేశాయి. కెమెరాతో కలిపి అమ్మేవి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో సులువుగా, తక్కువకి దొరుకుతాయి. పగటిపూట తిరుగుళ్లే ఎక్కువైతే నేను కొనమనేది వీటిలో ఒకటే. సాయంత్రాలు, ఇళ్ల లోపల, దీపాల వెలుతురులో ఫొటోలు ఎక్కువ తీసేవాళ్లు సిగ్మా 18-50 ఎఫ్/2.8 చూడండి. 300 గ్రాములకి మించని చిన్న లెన్స్. స్టెబిలైజేషన్ దానిలో లేదు, మీ కెమెరా బాడీలో ఉందో లేదో చూసుకోవాలి. టామ్రాన్ 17-70 ఎఫ్/2.8లో అది ఉంది, బరువు మాత్రం అర కిలో దాటుతుంది.

వెడల్పు నుంచి బాగా దూరం దాకా ఒక్కదానిలోనే ఇచ్చే సూపర్‌జూమ్‌లంటే నాకు పెద్ద మోజు లేదు. టామ్రాన్ 18-400 లాంటిది సుమారు 700 గ్రాములు, చివర్లో ఎఫ్/6.3. అన్ని ఫోకల్ లెంగ్త్‌లూ ఉంటాయి, పొద్దువాలితే ఒక్కటీ ఆదుకోదు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టను చోటు లేదన్నట్టు. పైగా ఈ రకం లెన్సులు చాలావాటిలో దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేస్తే అసలు ఫోకల్ లెంగ్త్ కుంచించుకుపోతుంది, 200 అని రాసిన చోట 200 రాదు. పక్షులూ జంతువులూ ఉన్న చోటికి వెళ్తూ, లెన్స్ మార్చే ఓపిక అస్సలు లేనివాళ్లకి మాత్రం ఇవే సరైనవి.

ధర నచ్చాక మౌంట్, అంటే లెన్స్ కెమెరాకి బిగిసే చోటు, సరిపోతుందో లేదో చూసుకోండి. నికాన్ డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. వాటికి పాత ఏఎఫ్-డి లెన్స్ బిగుస్తుంది గానీ ఆటోఫోకస్ పనిచెయ్యదు, ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పి అనో రాసి ఉన్నది తీసుకోవాలి. కెనాన్ పాత ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు కొత్త ఆర్ఎఫ్ మౌంట్ బాడీలకి కంపెనీ అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా పనిచేస్తాయి. తక్కువ ఖర్చుకి అదొక మంచి దారి.

సెకండ్ హ్యాండ్ లెన్స్ చేతికి రాగానే రెండు మూతలూ తీసి, ఎపర్చర్ తెరిచి ఉంచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వెయ్యండి. ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. నాలుగైదు దుమ్ము రేణువులు కనిపిస్తే పట్టించుకోకండి, ఫొటోలో అవి కనపడవు. సన్నటి దారాల్లా, సాలెగూడులా పాకి ఉంటే అది ఫంగస్; ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. మౌంట్ చుట్టూ ఉన్న స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే లెన్స్‌ని ఎవరో విప్పారని అర్థం. తర్వాత ఒక న్యూస్‌పేపర్‌ని గోడకి చదునుగా అంటించి, కెమెరాని దానికి తిన్నగా స్టాండ్ మీద పెట్టి, పేపరు ఫ్రేమ్ నిండేలా ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. నాలుగు మూలలూ కొంచెం మసకబడటం మామూలే. మూడు మూలల్లో అక్షరాలు చదవగలిగి నాలుగోది అలుక్కుపోతే మాత్రం లెన్స్ లోపలి గాజు ఒకటి పక్కకి జరిగి ఉండొచ్చు. కెమెరాని మళ్లీ సరిచేసి ఇంకోసారి తీసి చూడండి. అదే మూల మళ్లీ చెడితే లెన్స్ వెనక్కి ఇచ్చేయండి.

వచ్చే పాఠం లోపు గీతల కాగితం సిద్ధం చేసుకోండి. మీ దగ్గర కిట్ లెన్స్ ఉంటే ఒక రోజు జూమ్ రింగ్‌ని 18 దగ్గర, మరో రోజు 35 దగ్గర వదిలేసి, తిప్పకుండా తిరిగి రండి. ఏడో పాఠంలో ఆ కాగితాన్నీ ఈ రెండు రోజుల ఫొటోలనీ పక్కపక్కన పెట్టుకుని, ప్రయాణంలో కెమెరా సెట్టింగులు ముందే ఎలా అమర్చుకోవాలో చూద్దాం.