అప్‌గ్రేడ్ మధ్యలో 'ట్రయింగ్ టు ఓవర్‌రైట్' అంటూ ఆగిపోతే

మొన్న శనివారం రాత్రి, మారతహళ్లి పీజీలో పక్క రూమ్ తమ్ముడు ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకునే వచ్చాడు. "అన్నా, ఉబుంటు అప్‌గ్రేడ్ సగంలో ఆగింది. ఆప్ట్ ఏం చెప్పినా వినట్లేదు. సోమవారం డెమో" అంటూ ఒకటే టెన్షన్. (ఉబుంటు ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్; ఆప్ట్ అందులో సాఫ్ట్‌వేర్ ఎక్కించే, తీసేసే కమాండ్.)

సమస్య: అందరూ ఎర్రర్‌లో చివరి లైన్ చూస్తారు. అక్కడ 'ఎర్రర్ కోడ్ 1' తప్ప ఏమీ ఉండదు. పైకి జరిపి 'ట్రయింగ్ టు ఓవర్‌రైట్' అన్న లైన్ వెతకండి. గొడవ ఏ ఫైలు మీదో, అది ఇప్పటికే ఏ ప్యాకేజీ (ఒక సాఫ్ట్‌వేర్ ఫైళ్ల మూట) చేతిలో ఉందో రెండూ అందులోనే ఉంటాయి.

కారణం: ఆప్ట్ వెనక అసలు పని చేసే డీపీకేజీ లెక్కలో ఒక ఫైలుకు ఒక్క ప్యాకేజీయే యజమాని. ఒకే ప్లాటు ఇద్దరి పేరు మీద రిజిస్టర్ చేయమంటే ఒప్పుకోదు. ఫైలును ఒక ప్యాకేజీ నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు, తయారుచేసినవాళ్లు 'రీప్లేసెస్' (ఆ ప్యాకేజీ ఫైలు ఇక దీనిదే) అని రాయడం మర్చిపోతే ఇలా అవుతుంది. నేను ఎక్కువగా చూసింది మాత్రం బయటి పీపీఏల (ఉబుంటువి కాక, వేరేవాళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ రిపోలు, అంటే నిల్వలు) బాపతే. రిలీజ్ అప్‌గ్రేడ్ బయటి రిపోలను ఆపేస్తుంది కానీ, వాటి నుంచి ముందే వచ్చిన ప్యాకేజీలు అక్కడే కూర్చుంటాయి. మావాడిదీ అదే కథ: కాలేజీ రోజుల్లో ఎవరో చెప్తే వేసిన లైబ్రరీ. వేసినట్టు వాడికే గుర్తులేదు.

పరిష్కారం: 'ఆప్ట్ పాలసీ' పక్కన, ఎర్రర్‌లో ఫైలు యజమానిగా కనిపించిన ఆ పాత ప్యాకేజీ పేరు కొట్టండి. కింద ఏ రిపో పేరూ లేక డీపీకేజీ స్టేటస్ ఫైలు ఒక్కటే కనిపిస్తే, దానికి ఇప్పుడు దిక్కు లేనట్టే. ఈ స్థితిలో 'ఆప్ట్ రిమూవ్' మొరాయిస్తుంది. అందుకే 'సుడో డీపీకేజీ -ఆర్'తో (చిన్న ఆర్, పక్కన ప్యాకేజీ పేరు; సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపడం) తీసేసి, ఆ వెంటనే 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్', తర్వాత 'సుడో డీపీకేజీ --కన్ఫిగర్ -ఏ', చివర్లో 'సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్'. మావాడికి దీంతోనే కదిలింది.

నెట్‌లో అందరూ ముందే చెప్పేది '--ఫోర్స్-ఓవర్‌రైట్', అంటే ఫైలు మీద బలవంతంగా రాసేయమని డీపీకేజీకి చెప్పడం. గొడవ మాన్యువల్ పేజీ మీదో ఐకాన్ మీదో అయితే వాడండి, అదీ ఆ ఒక్క ప్యాకేజీకే. ఎస్ఓ ఫైలు (యాప్‌లు పంచుకునే లైబ్రరీ) మీదైతే వద్దు. పాత యాప్ కొత్త లైబ్రరీతో ఎక్కడ కూలుతుందో ముందు తెలియదు.

ఆర్చ్ (ఇంకో లినక్స్) వాడేవాళ్లకు ఇదే తలనొప్పి 'ఎగ్జిస్ట్స్ ఇన్ ఫైల్‌సిస్టమ్' అని వస్తుంది. అక్కడ ఆప్ట్ బదులు ఉండే ప్యాక్‌మ్యాన్‌తో 'ప్యాక్‌మ్యాన్ -క్యూఓ' పక్కన ఫైలు దారి కొట్టి ఫైలు ఎవరిదో చూడండి. ఎవరిదీ కాదంటే చాలాసార్లు అది సుడోతో పిప్ (పైథాన్ లైబ్రరీలు ఎక్కించే కమాండ్) నడిపిన ఫలితమే. ఫైలు పేరు మార్చి పక్కన పెట్టి, మళ్లీ అప్‌డేట్ నడపండి.