మనకి డిప్రెషన్ ఉంటే పిల్లల్ని ఎలా చూసుకోవాలి

మీకు డిప్రెషన్ ఉండి, పిల్లాడూ ఇబ్బంది పడుతుంటే, వాడిని ఒక్కడినే డాక్టర్ల చుట్టూ తిప్పితే సరిపోదండీ, మీ ట్రీట్‌మెంట్ కూడా మొదలెట్టాలి. అమ్మకో నాన్నకో డిప్రెషన్ ఉంటే పిల్లలకీ డిప్రెషన్, యాంగ్జైటీ వచ్చే రిస్క్ ఎక్కువే, కొంత జీన్స్ కొంత ఇంటి వాతావరణం, అలాగని కచ్చితంగా వస్తుందని కాదు. 2006లో అమెరికాలో వచ్చిన స్టార్‌డీ-చైల్డ్ స్టడీలో, మూడు నెలల్లో డిప్రెషన్ తగ్గిన తల్లుల పిల్లల్లో సమస్యలు కూడా తగ్గాయి.

నా సంగతే చెప్తా, కూకట్‌పల్లి ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చి షూ విప్పుతుంటే మా పాప ముందు నా మొహం చూసేది, మూడ్ బాగుంటేనే హోంవర్క్ బుక్ తెచ్చేది, లేదంటే లోపలికెళ్లి టీవీ సౌండ్ తగ్గించేసేది, ఏడేళ్ల పిల్ల!

అందుకే దాచకుండా చెప్పండి, సింపుల్‌గా: "నాన్నకి మనసు బాలేదు, మందులేసుకుంటున్నా, నీ వల్ల కాదు." ఆ ఆఖరి మాట మాత్రం మర్చిపోవద్దు, పిల్లలు తప్పంతా తమదే అనుకుంటారు. మీకు బాలేని రోజు అమ్మమ్మో బాబాయో ఎవరో ఒకరు వాళ్లతో కూర్చునేలా ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అనగానే నవ్వుతారు మనోళ్లు, నవ్వనీండి, ఓపీకి వెళ్లండి. అదీ కష్టమైతే గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలు రెండు వారాలుగా సరిగ్గా తినక, నిద్రపోక, స్కూల్‌కి వెళ్లనంటుంటే వాళ్లనీ చూపించండి, చచ్చిపోతా అన్న మాట వస్తే మాత్రం ఆ రోజే.