ఇంటి పెళ్లిళ్ల చరిత్రను ఆడవాళ్ల వైపు నుంచి రాసుకోవడం ఎలా

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కాస్తో కూస్తో భూమి ఉన్న కుటుంబాలు ఈమధ్య వంశవృక్షాలు గీయించుకుంటున్నాయి. తెనాలి అవతల ఉన్న మా ఊరి నుంచి వచ్చి విజయవాడలో స్థిరపడిన మా బాబాయి కూడా ఒకటి గీయించి, లామినేషన్ చేయించి హాల్లో తగిలించారు. అందులో ఆరు తరాల మగవాళ్ల పేర్లు ఉన్నాయి. మా ముత్తాత పేరు పక్కన మాత్రం "ఇద్దరు భార్యలు" అని రాసి ఉంది, ఆ ఇద్దరి పేర్లూ లేవు. ఇటువంటి వంశవృక్షం ఇంట్లో ఉన్నవారు, అందులో లేని ఆడవాళ్ల సంగతులను ఎలా రాబట్టుకోవాలో, వాటిని దేనితో సరిచూసుకోవాలో నా అనుభవం మేరకు ఇక్కడ చెబుతున్నాను.

మొట్టమొదట చేయవలసిన పని, ఇంట్లో వయసులో అందరికంటే పెద్దదైన కోడలిని వెతకడం. కూతుళ్లు పెళ్లయి వెళ్లిపోతారు కనుక వారికి తెలిసినది చిన్నప్పటి ఇల్లు మాత్రమే. కోడలు బయటి నుంచి వచ్చిన మనిషి కావడం వల్ల ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లేదో, ఎవరు ముందు తినేవారో, ఎవరి చేతిలో తాళాల గుత్తి ఉండేదో మొదటి నెలలోనే కనిపెట్టి, జీవితమంతా గుర్తుపెట్టుకుంటుంది. మా నాయనమ్మ పదహారేళ్ల వయసులో కాపురానికి వచ్చేసరికి ఇంట్లో ఇద్దరు అత్తలు ఉన్నారు. ఆమెకు తెలిసిన దానిలో పదో వంతు కూడా మా తాతకు తెలియదని నాకు తరువాత అర్థమైంది.

అడిగే తీరులో నేను చేసిన తప్పు చెబితే మీకు ఒక ప్రయాణం తప్పుతుంది. మొదటిసారి బాబాయి ఎదురుగా, ఫోన్ రికార్డర్ ముందు పెట్టి, "ముత్తాత రెండో పెళ్లి ఎందుకు చేసుకున్నారు, నాయనమ్మా?" అని అడిగాను. ఆమె పమిట సర్దుకుని, "అప్పట్లో అంతేలే, అన్నం తిన్నావా?" అని లేచి వెళ్లిపోయింది. రెండోసారి మగవాళ్లు పొలానికి వెళ్లిన తరువాత, ఆమె చింతపండు గింజ తీస్తుండగా పక్కన కూర్చుని, "ఇంట్లో పొయ్యిలు ఎన్ని ఉండేవి?" అని మాత్రమే అడిగాను. రెండు ఉండేవనీ, పెద్దత్త పొయ్యి పెరటి వసారాలో ఉండేదనీ, పండగనాడు మాత్రం వంట ఒక్కచోటే జరిగేదనీ చెప్పుకుంటూ వెళ్లి, మధ్యాహ్నం దాకా ఆగలేదు. కనుక కారణాలను అడగవద్దు, వస్తువులను, చోట్లను, పనులను గురించి అడగండి. ఎవరు ఏ గదిలో పడుకునేవారు, పాడి ఎవరి చేతిలో ఉండేది, పుట్టింటి నుంచి సారె ఎవరికి వచ్చేది, ఎవరికి రావడం ఆగిపోయింది అన్న ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే కారణాలు వాటంతట అవే బయటపడతాయి.

వరుసల పేర్లు వినేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి. మన వైపు "పెద్దమ్మ" అంటే తల్లికి అక్క కావచ్చు, తండ్రి అన్నగారి భార్య కావచ్చు, రెండో భార్య పిల్లలు మొదటి భార్యను పిలిచే పిలుపు కూడా కావచ్చు. పిల్లలు కలగలేదన్న కారణంతో రెండో సంబంధం చేసినప్పుడు, బయటి పిల్ల వస్తే సవతి పోరు ఉంటుందని అక్క భర్తకే చెల్లెలిని ఇచ్చిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి కనుక, ఒక్కొక్కచోట ఒకే మనిషి రెండు విధాలా పెద్దమ్మ అవుతుంది. అందువల్ల ప్రతి పిలుపు వద్దా ఆగి, ఆమె పుట్టింటి పేరు, పుట్టిన ఊరు అడిగి రాసుకోవాలి. మేనరికాలు, కుండమార్పిడి పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో ఈ రెండూ లేకపోతే నాలుగు పేజీలు దాటేసరికి ఎవరు ఎవరో మీకే తెలియకుండా పోతుంది. అలాగే "రెండో పెళ్లి" అన్న మాట విన్నంత మాత్రాన అక్కడ సవతులు ఉన్నారనుకోకూడదు. మొదటి భార్య పోయిన తరువాత చేసుకున్నది వేరు, ఆమె బతికి ఉండగా చేసుకున్నది వేరు. పోయిన భార్య పేరిట ఒక చిన్న బంగారు బిళ్లను తరువాత వచ్చిన ఆమె మెళ్లో వేసుకునే ఆచారం కొన్ని ఇళ్లలో ఉండేది. పాత నగల డబ్బాలో అటువంటిది కనిపిస్తే ఎవరిదో అడగండి. ఇక కొన్ని కులాల్లో వితంతువులకూ, భర్తను విడిచిన వారికీ కులపెద్దల ఎదుట మారుమనువు జరిగేది. అది మొదటి పెళ్లంత ఆర్భాటంగా ఉండేది కాదు కనుక చెప్పడానికి పెద్దవాళ్లు మొహమాటపడతారు. పైకులాలుగా చెప్పుకున్నవారిలో ఆ వెసులుబాటు కూడా ఉండేది కాదు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు అంత గొడవ జరగడానికి కారణం అదే.

మాటల్లో విన్నదానిని సంవత్సరాల మీదకు ఎక్కించడానికి చట్టాలు బాగా పనికివస్తాయి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబర్ 1 దాకా ఈ రెండు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. ఆ రాష్ట్రంలో హిందువులకు ద్విభార్యత్వాన్ని నిషేధించినది 1949 నాటి చట్టం. దేశమంతటికీ వర్తించే హిందూ వివాహ చట్టం 1955 మే 18న అమలులోకి వచ్చింది. కనుక మీ ఇంటి రెండో పెళ్లి 1949కి ముందుదైతే ఇద్దరూ చట్టం దృష్టిలో భార్యలే. ఆ తరువాతిదైతే, మొదటి పెళ్లి నిలిచి ఉండగా వచ్చిన ఆమెకు ఊరు ఎంత మర్యాద ఇచ్చినా చట్టం భార్య హోదా ఇవ్వలేదు. అయితే అటువంటి పెళ్లి చెల్లకపోయినా, పుట్టిన పిల్లలు మాత్రం సక్రమ సంతానమేనని హిందూ వివాహ చట్టంలోని 16వ సెక్షన్ చెబుతుంది. పెద్దవాళ్లకు తేదీలు గుర్తుండవు కనుక, "పెళ్లి స్వరాజ్యం రాకముందా, వచ్చాకా?", "కర్నూలు రాజధాని అయ్యేటప్పటికి నీకు పిల్లలా?" అని అడిగితే సంవత్సరానికి దగ్గరగా వస్తారు. ముస్లిం కుటుంబాలకు ఈ లెక్క వర్తించదు. వారు నిఖానామాలో, అంటే పెళ్లి ఒప్పంద పత్రంలో రాసిన మెహర్ (భర్త భార్యకు ఇవ్వవలసిన సొమ్ము) ఎంతో చూసుకోవాలి. క్రైస్తవ కుటుంబాలు చర్చి పెళ్లి రిజిస్టర్లను అడగాలి. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లోనే మొదలైంది కనుక, ఇతరుల ఇళ్లలో దొరకనంత పాత కాగితం వారికి దొరికే అవకాశం ఉంది.

ఇక అసలైన పని కాగితాల దగ్గర ఉంది. పెళ్లినాటి చదివింపుల పుస్తకం, లగ్నపత్రిక, శుభలేఖ దొరికితే మంచిదే కానీ, ఆడమనిషి స్థానం ఎంతో తేల్చి చెప్పేది భూమి దస్తావేజు. కూతురికి పసుపు కుంకుమ కింద రాసిన పొలం, అల్లుడి పేర రాసిన కట్నం పొలం, భార్యకు మనోవర్తి కింద ఇచ్చిన పొలం, ఈ మూడూ చూడటానికి ఒకే చెలకలో పక్కపక్కన ఉండవచ్చు, కానీ మూడింటి వెనుక ఉన్న కథలు వేరు. రెండో భార్యను తెచ్చుకున్నప్పుడు మొదటి ఆమె పుట్టింటివారు పెద్దమనుషులను కూర్చోబెట్టి ఆమెకు తిండికి కొంత భూమి రాయించుకోవడం మన డెల్టాలో ఉండేది. భర్త మళ్లీ పెళ్లి చేసుకుంటే వేరుగా ఉండి మనోవర్తి పొందే హక్కును 1946లో చట్టం కూడా గుర్తించింది. ఇంట్లో దస్తావేజు లేకపోతే సర్వే నంబరు తెలుసుకుని, ఆ ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం కిందకు వస్తుందో అక్కడ ఈసీకీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), నకలుకూ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆన్‌లైన్ ఈసీలో పాత సంవత్సరాలు రావు కనుక, వాటి కోసం కార్యాలయంలో చేతిరాత పుస్తకాలను వెతికించుకోవలసి ఉంటుంది. ఊరు ఇప్పుడున్న కార్యాలయం కిందే ఎప్పుడూ ఉండిందనుకుని ఒక రోజు పోగొట్టుకున్నాను, ముందుగా అది కనుక్కుని బయలుదేరండి.

నాయనమ్మ చెప్పిన పెద్దత్తకు, అంటే మా పెద్ద ముత్తవ్వకు 1941లో రాసిన కాగితం మా ఇంటి ట్రంకు పెట్టెలోనే, పాత పంచాంగాల కింద దొరికింది. మడతల దగ్గర చీలిపోయిన ఆ కాగితం మీద, ఆమె బతికి ఉన్నంత కాలం పంట అనుభవించాలనీ, అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ వీల్లేదనీ, ఆమె తరువాత పొలం రెండో భార్య కొడుకులకు చెందాలనీ రాసి, చివర ఆమె నిశాని వేలిముద్ర వేయించారు. అటువంటి షరతు చదివి కథ అక్కడితో ముగిసిందనుకోవద్దు. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ స్త్రీ స్వాధీనంలో ఉన్న పరిమిత హక్కును పూర్తి హక్కుగా మార్చింది. మనోవర్తికి బదులుగా ఇచ్చిన భూమి విషయంలో కాగితం మీద షరతు ఉన్నా అది స్త్రీకి పూర్తి హక్కే అవుతుందని, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక ఆ పొలం 1956 తరువాత ఎవరి అనుభవంలో ఉందో, శిస్తు ఎవరు కట్టారో, కౌలు ఎవరి చేతికి వచ్చిందో తప్పకుండా అడగండి. భర్త వీలునామా లేకుండా పోతే ఇద్దరు భార్యలకూ కలిపి వచ్చేది ఒక్క వాటా మాత్రమేనన్న సంగతి కూడా గుర్తుంచుకుంటే, ఇద్దరు ముసలమ్మలు చివరి రోజుల్లో ఒకే ఇంట్లో ఎందుకు ఉన్నారో కొన్ని కుటుంబాల్లో అర్థమవుతుంది. అత్తయ్యలను అడిగేటప్పుడు మాత్రం 1985 సెప్టెంబర్ 5ను గీతగా పెట్టుకోండి. ఆ తేదీ నుంచి, వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమంగా హక్కు ఇచ్చినా, అంతకు ముందే పెళ్లయిన వారికి ఇవ్వలేదు. ఒకే ఇంట అక్కకు సారె, చెల్లెలికి వాటా దక్కిన సంగతులు అందువల్లనే కనిపిస్తాయి.

అంతా రాసిన తరువాత మగవాళ్లకు చూపించే ముందు, చెప్పిన ఆమెకు చదివి వినిపించాలి. ఆమె తీసేయమన్నది తీసేయాలి. ఇంకా బతికి ఉన్నవారి గొడవలను వేరే నోటుపుస్తకంలో ఉంచుకోవాలి. పాత కాగితాలకు సెల్లోటేపు అంటించవద్దు, ఫొటోలు తీసి నూలు గుడ్డలో మడవకుండా పెట్టండి. మా నాయనమ్మకు చదివి వినిపించినప్పుడు పొయ్యిల సంగతికీ, వేలిముద్ర సంగతికీ ఏమీ అనలేదు. పెద్దత్తకు రెండెకరాలు ఇచ్చారని రాసిన చోట మాత్రం చెయ్యెత్తి ఆపింది. రెండెకరాలు కాగితం మీద మాటేననీ, కాలవ తవ్వినప్పుడు ఇరవై సెంట్లు పోయిందనీ, ఎకరా ఎనభై సెంట్లకే ఆమె ఏటా కౌలు వసూలు చేసుకునేదనీ, తూము పక్క గట్టు మీద నిలబడి బస్తాలు తానే లెక్కపెట్టుకునేదనీ చెప్పి దిద్దించింది.