ఎయిర్ పిస్టల్ గురి – 6వ పాఠం: చౌక పిస్టల్ కొనొచ్చా?

పోయిన పాఠంలో ట్రిగ్గర్ బరువు 500 గ్రాములు అనగానే చాలామంది అరకిలో తూగే పిస్టల్ కోసం షాపులు గాలించారు. ఆ లెక్క పిస్టల్‌ది కాదు. షాట్ పడటానికి ట్రిగ్గర్ మీద ఉండాల్సిన కనీస ఒత్తిడి అది. పిస్టల్ మొత్తం 1500 గ్రాముల దాకా ఉండొచ్చు. మరీ తేలికదైతే చేతి వణుకు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఇప్పటికే కొన్నవాళ్లు వాపసు ఇచ్చే వీలుంటే ఇచ్చేయండి.

బేరం మొదలుపెట్టే ముందు ట్రిగ్గర్‌ని తూచండి. లోపల పెల్లెట్ (చిన్న సీసపు గుండు) లేదని రెండుసార్లు చూసుకోండి. గాలి ఎక్కించి, బ్యారెల్‌ను నిటారుగా పైకి పెట్టి, 500 గ్రాముల తూకపు రాయిని కొక్కెంతో ట్రిగ్గర్‌కి తగిలించి పిస్టల్‌ని మెల్లగా పైకెత్తండి. షాట్ పడకూడదు. పడితే పోటీకి పనికిరాదు, సరిచేసే స్క్రూ ఉందేమో అడగండి. చౌక స్ప్రింగ్ పిస్టళ్లది దీనికి తిరగేసిన జబ్బు. కిలో తగిలించినా కొన్ని కదలవు. అంత బిగువుంటే వేలితో పాటు మణికట్టూ కదిలి గురి తప్పుతుంది.

షాపువాళ్లు వేగం గురించి ఊదరగొడతారు. మన టార్గెట్ 10 మీటర్ల దూరంలోనే ఉంటుంది. లక్షలు పోసి కొనే పోటీ పిస్టళ్ల పెల్లెట్ కూడా సెకనుకు 150 మీటర్ల చుట్టుపక్కలే పోతుంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయం, సెకండ్‌హ్యాండ్ సిలిండర్, అంటే పిస్టల్‌కి బిగించే గాలి గొట్టం. ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ షూటర్ అమ్మాయి ఈషా సింగ్ పతకాలు చూసి పిల్లల్ని రేంజ్‌లో చేర్చిన తల్లిదండ్రులు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటున్నారు. స్టెయిర్, మోరిని లాంటి పేరున్న పిస్టల్ సగం ధరకే వస్తోందంటే ముందు సిలిండర్ మీద చెక్కిన నెల, సంవత్సరం చదవండి. తయారైన 10 ఏళ్ల దాకే గడువు. 2014లో తయారైతే 2024తో సరి. పిస్టల్ అద్దంలా మెరుస్తున్నా, గాలి చుక్క కారకపోయినా, పోటీలో పరికరాల తనిఖీ దగ్గర ఆపేస్తారు. "టెస్టింగ్ చేయించాం సార్" అంటారు అమ్మేవాళ్లు, అయినా గడువు పెరగదు. ఆ సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి ఉంటుంది, మొహానికి దగ్గర్లో పెట్టుకునే వస్తువు. కొత్త సిలిండర్, గాలి నింపే పంపు, దానికి సరిపోయే అడాప్టర్, ఈ మూడింటి ధర కలిపాకే అది చౌకో కాదో తేల్చండి.

నన్నడిగితే, ప్రతి షాట్‌కీ లీవర్ లాగి గాలి పట్టే పాత రష్యన్ బైకాల్ ఐజెడ్‌హెచ్-46ఎమ్ దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి. సిలిండర్ గొడవే లేదు. పోటీలో కొట్టే 60 షాట్లకు భుజం పీకుతుంది, పీకనివ్వండి. గ్రిప్ (పిడి) చేతికి పెద్దదైతే ఆకురాయితో అరగదీసుకోవచ్చు, దాని కోసం మంచి పిస్టల్‌ని వదులుకోకండి.

లైసెన్స్ గురించి అడుగుతున్నారు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బ్యారెల్ లోపలి వ్యాసం 4.5 మి.మీ. మించకుండా, పెల్లెట్ శక్తి 20 జౌళ్ల లోపు ఉండే ఎయిర్ పిస్టళ్లకు అక్కర్లేదు.

అన్నట్టు, అభ్యాసం. మూడు రకాల పెల్లెట్లు పట్టుకెళ్లి, కోచ్ పక్కనుండగా పిస్టల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, ఒక్కో రకానికి కొత్త టార్గెట్ పెట్టి పదేసి షాట్లు కొట్టండి. ఏదో ఒక రకంతోనైనా పది రంధ్రాలూ 27.5 మి.మీ.లో, అంటే 9వ వలయమంత మేర, ఇమడాలి. మధ్యలో పడకపోయినా ఫర్వాలేదు, గురి చూసే సైట్‌ని తిప్పి సరిచేసుకోవచ్చు. మర్నాడు మళ్లీ అదే చేసి, ఆరు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.