డాబర్‌మ్యాన్ కుక్కపిల్లకు కత్తి పెట్టించే ముందు

చెవులు కోయించకండి. మన దేశంలో అందం కోసం మూగజీవిని కోయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. పైగా కోసినా చెవులు ఊరికే నిలబడవు, నెలల తరబడి టేపు చుట్టాలి, చుట్టిన టేపు తడిస్తే లోపల కుళ్లుతుంది. వేలాడే చెవుల్ని వారానికోసారి చూసి శుభ్రం చేస్తే చాలు.

స్టెరిలైజేషన్‌కు (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు) తొందర వద్దు. ఎముకల ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే 18-24 నెలల వరకు ఆగడం కీళ్లకు మంచిది. ఆడదైతే హీట్ (ఎదకు రావడం) అయ్యాక రెండుమూడు నెలలకు చేయించండి, హీట్‌లో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి.

అసలు ముఖ్యమైంది ఇది: ఈ జాతిలో వాన్ విల్‌బ్రాండ్ అనే రక్తం గడ్డకట్టని జబ్బు ఎక్కువ. ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌ను అడిగి పరీక్ష చేయించండి. పైపెదవి లోపల చిన్న గాటు పెట్టి చూస్తారు, నాలుగైదు నిమిషాల్లో రక్తం ఆగాలి.