పాత స్పోర్ట్స్ కారు విలువ కట్టడం – నాలుగో పాఠం: రేకు చెప్పే ధర

మోడల్ గుర్తుపట్టడం, కాగితాలు సరిచూడటం, అడిగే ధరకీ నిజంగా చేతులు మారిన ధరకీ తేడా పట్టుకోవడం – ఈ మూడూ వెనకటి పాఠాల్లో అయిపోయాయి. ఈసారి బండి కిందికి దూరాలి. ఒక పాత చాప, మంచి టార్చి, పలచటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, మొన తేలని స్క్రూడ్రైవరు, జాకీ, కొలత టేపు తీసుకెళ్లండి. తెల్ల చొక్కా వద్దు.

నమూనాగా ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌ని తీసుకుందాం. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల బండి. దీని అస్థిపంజరం, అంటే చాసిస్, హెరాల్డ్ కారుది. ఆ హెరాల్డే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారై మన రోడ్ల మీద తిరిగింది. అందుకే చెయ్యి అలవాటు చేసుకోవడానికి స్పిట్‌ఫైర్ కోసం వెతుక్కోనక్కర్లేదు. పాలకొల్లులోనో రామచంద్రపురంలోనో ఏ రైసు మిల్లు షెడ్డులోనైనా హెరాల్డ్ దొరికితే చాలు.

కాకపోతే రెంటికీ ఒక తేడా ఉంది, ధరంతా అక్కడే ఉంది. హెరాల్డ్ చాసిస్‌కి పక్కలకి చేతులు చాచినట్టు ఇనుప పట్టీలుంటాయి, బాడీ బరువు వాటి మీద కూర్చుంటుంది. స్పిట్‌ఫైర్‌కి చాసిస్ పొట్టి చేసి, ఆ పక్క పట్టీలు తీసేశారు. వాటి పని తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే పెట్టెలాంటి రేకు భాగం చేస్తుంది. దాన్నే సిల్ అంటారు. పైకి అలంకారంలా కనిపిస్తుంది కానీ బండి నడుము అదే. పైన రేకు టాపు కూడా లేని బండి కాబట్టి, సిల్ పోతే మధ్యలో కుంగుతుంది.

ముందు కుంగిందో లేదో చూడండి. రెండు తలుపులూ మూసి, తలుపు వెనక అంచుకీ బాడీకీ మధ్య సందు పైన ఎంతుందో, కింద ఎంతుందో కొలవండి. పైన ఇరుకై కింద వెడల్పయితే నడుము వంగినట్టే. తర్వాత ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి మళ్లీ కొలవండి. సందు కంటికి తెలిసేంత మారినా, కూర్చున్నాక తలుపు తెరుచుకోవడానికి మొరాయించినా, అమ్మేవాడు ఇంజను ఎంత మెత్తగా స్టార్టు చేసి వినిపించినా పట్టించుకోకండి.

ఇప్పుడు అయస్కాంతం. సిల్ పొడవునా, చక్రాల గూళ్ల అంచుల మీద, తలుపుల అడుగున, హెడ్‌లైట్ల చుట్టూ జానెడు జానెడుకీ పెట్టి చూడండి. ఒకచోట గట్టిగా లాగి, పక్కనే జారిపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. బానెట్టు మొత్తం మీద ఎక్కడా అంటుకోకపోతే అది ఫైబరుది; తీసేయక్కర్లేదు కానీ అసలు బానెట్టున్న బండి ధర దానికి ఇవ్వకూడదు. స్పిట్‌ఫైర్ బానెట్టంటే ముందు చక్రాల గూళ్లతో సహా ఒకే ముక్క, మొత్తం ముందుకి తిరగబడుతుంది. అది కుళ్లితే ఒక రేకు మార్చి ఊరుకోవడం కుదరదు. కొత్త పెయింటు మీద అనుమానం ఎప్పుడూ మంచిదే. సంక్రాంతికి వెల్ల వేసిన గోడ వెనక పగులు ఎవరికి తెలుస్తుంది?

కింద పడుకుని సిల్ అడుగుని, సీట్ల కింద ఫ్లోరుని స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. మంచి రేకు ఖణేల్‌మంటుంది, కుళ్లింది డబ్‌మని ఊరుకుంటుంది. సీట్ల వెనక, వెనక చక్రాల్ని పట్టి ఉంచే కడ్డీలు బాడీకి బిగించే చోటు ఉంటుంది, అక్కడ మరీ జాగ్రత్త. అక్కడ తుప్పుంటే వెనక చక్రాల వరసే తప్పుతుంది. బ్యాటరీ తట్ట కింద యాసిడ్ తిన్న మచ్చలూ, డిక్కీ ఫ్లోరూ చూసుకోండి. అవి చిన్న ఖర్చులు.

ఎక్కువగా జరిగే మోసం, పాత కుళ్లిన సిల్ మీదే కొత్త రేకు వెల్డింగ్ చేసి రంగు కొట్టడం. సిల్ అంటే లోపలి రేకు, బయటి రేకు, మధ్యలో బలం కోసం ఇంకో రేకు. బయటిదొక్కటే మార్చితే లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. రేకు అంచు దగ్గర రెండు పొరలు ఎత్తుగా కనిపించడం దానికి గుర్తు. సరిగ్గా చేసే టింకరింగ్‌లో, సిల్ కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డింగ్ చేసి బాడీ కదలకుండా కడతారు. అది చెయ్యకుండా కోస్తే ఆ తర్వాత తలుపు ఎన్నటికీ సరిగ్గా పడదు.

మన డెల్టా బండికి ఇంకో పరీక్ష ఉంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలిన బండికీ, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టున నిలబెట్టిన బండికీ తుప్పు పైనుంచి, అతుకుల దగ్గర మొదలవుతుంది, కంటికి కనిపిస్తుంది. వరద చూసిన బండికి లోపలినుంచి మొదలవుతుంది. 1986 ఆగస్టు గోదావరి వరదలో, 1996 నవంబరు కోనసీమ తుపానులో మునిగిన షెడ్లు తక్కువేం కాదు. చాసిస్ పెట్టెకున్న ఏదో ఒక కన్నంలో చూపుడువేలు పెట్టి తుడవండి. వేలికి పొడిగా, మెత్తగా, ఎర్రమన్ను రంగులో ఒండ్రు అంటుకుంటే అది రోడ్డు దుమ్ము కాదు. దుమ్ములో ఇసుక గరుకుగా తగులుతుంది, ఒండ్రు పౌడరులా జారుతుంది. అలాంటి బండికి వైరింగు మొత్తం మార్చే ఖర్చు కూడా రాసుకోవాలి.

యంత్రంలో రెండే చెబుతాం. ముందు చక్రాల అడుగున ఇత్తడి ట్రనియన్లుంటాయి, అంటే చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ తిరిగే మర కీళ్లు. వాటిలో గేరాయిలు పోయాలి, గ్రీజు కాదు. మన షెడ్లలో అలవాటుగా గ్రీజు గన్ను పెట్టేస్తారు. గ్రీజు మరల్లోకి సరిగ్గా పాకదు, నీరు చేరి లోపలి ఉక్కు కడ్డీ తుప్పు పడుతుంది, ఓ రోజు మలుపులో విరిగి చక్రం మడత పడుతుంది. గ్రీజు కనిపిస్తే రెండు పక్కలా మార్చే ఖర్చు తీసెయ్యండి, బేరమాడకుండానే.

రెండోది క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇంజను లోపలి ఇరుసు. ఇంజను ఆపి, ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే ముందున్న పుల్లీని చూడండి. ఉండాల్సిన ఆట, అంటే వదులు, 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు, అది కంటికి ఆనదు. పుల్లీ ముందుకీ వెనక్కీ కదలడం కంటికి కనిపిస్తే, క్రాంకుని అలా జరగకుండా ఆపే థ్రస్టు వాషర్లు అరిగిపోయాయి. అవి ఊడి కింద పడిపోతే క్రాంకూ ఇంజను బ్లాకూ రెండూ పాడవుతాయి. ఇంజను నంబరు కూడా రాసుకోండి. స్పిట్‌ఫైర్‌ది ఎఫ్ అక్షరంతో మొదలవాలి. జీ ఉంటే హెరాల్డ్ ఇంజను ఎక్కించారు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు, కాబట్టి నంబరు తేడా మాటకూ ధర ఉంది.

ఇక లెక్క. కింది అంకెలు పద్ధతి అర్థం కావడానికే, మార్కెట్ ధరలనుకోకండి. అదే మోడల్, అన్నీ బాగున్న బండి 12 లక్షలకి చేతులు మారిందనుకుందాం. మీరు చూసిన బండికి సిల్స్, ఫ్లోరు 2.4 లక్షలు, బానెట్టు 0.9, పెయింటు 1.8, ట్రనియన్లు, బుష్‌లు, బ్రేకులు 0.7, సీట్లు, టాపు 0.9, టైర్లు 0.3. మొత్తం 7 లక్షలు. రేకు పనిలో కోసేదాకా కనిపించనిది ఎప్పుడూ ఉంటుంది కాబట్టి సిల్స్, ఫ్లోరు, బానెట్టు కలిపిన 3.3 లక్షల మీద ముప్పై శాతం, అంటే దాదాపు లక్ష, కలపండి. 12లోంచి 8 పోతే 4. మీ డబ్బు ఏడాదిపైగా షెడ్డులో ఇరుక్కుంటుంది కాబట్టి మంచి బండి ధరలో పదో వంతు, 1.2 లక్షలు, ఇంకా తగ్గించండి. మిగిలింది 2.8 లక్షలు. బ్రోకరు ఆరు లక్షలంటే, పెయింటు బాగుందన్న మాట తప్ప ఆ పై డబ్బు దేనికో చెప్పమనండి. పెయింటు, టైర్లు, సీట్లు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, వాటికి ఎగబడి ఇవ్వకండి.

స్పేరు సామాన్ల విషయంలో ఒక్క మాట. స్పిట్‌ఫైర్ యంత్ర భాగాలు, సిల్ రేకులు కొత్తవి ఇంగ్లండు నుంచి దొరుకుతాయి. అక్కడి ధర మాత్రమే రాసుకుంటే లెక్క తప్పుతుంది; రవాణా, కస్టమ్స్ సుంకం కలిపిన ధరే రాయాలి. ముఖ్యంగా రేకులు బరువు, చోటు రెండూ ఎక్కువ తీసుకుంటాయి.

ఇంటి పని: దగ్గర్లో ఏ పాత హెరాల్డ్ దొరికినా, యజమాని అనుమతితో రెండు తలుపుల సందులూ నాలుగు చోట్ల కొలిచి, మనిషి కూర్చున్నాక మళ్లీ కొలిచి రాసుకోండి. ఐదో పాఠంలో గేరుబాక్సు, ఓవర్‌డ్రైవు, డిఫరెన్షియల్ చూస్తాం. దానికి జాకీతో పాటు రెండు గట్టి స్టాండ్లు కావాలి. కొబ్బరి దుంగ మీద బండి ఎత్తి కిందికి దూరకండి.