బరువు తగ్గే ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు

ముందు లెక్క తేల్చుకోండి. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 155 సెంటీమీటర్ల మనిషి 92 కిలోలుంటే బీఎంఐ 38.3 వస్తుంది. మన సర్జన్లు చాలాకాలంగా పాటిస్తున్న గీత ప్రకారం 37.5 దాటితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ గురించి మాట్లాడొచ్చు. అదుపులో లేని షుగర్, బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం లాంటివి ఉంటే 32.5 నుంచే. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియా వాళ్లకు 27.5 నుంచే సూచించవచ్చన్నాయి. ఆరోగ్య బీమా నిబంధన మాత్రం 40 దగ్గర, తీవ్రమైన జబ్బులుంటే 35 దగ్గర ఉంది. డాక్టరు సరేనన్నా కంపెనీ కాదనే వీలుంది కాబట్టి అడ్వాన్సు కట్టకముందే అనుమతి కాగితం చేతికి తెచ్చుకోండి.

అంకె సరిపోయినంత మాత్రాన మనిషి సరిపోయినట్టు కాదు. ఆ బరువు ఎందుకొచ్చిందో చూడాలి. థైరాయిడ్ పరీక్ష ఎలాగూ రాస్తారు. మన పల్లెల్లో అంతకంటే ఎక్కువగా దాక్కునేది స్టెరాయిడ్. మోకాళ్ల నొప్పికో, ఆయాసానికో కాగితం పొట్లంలో పేరు లేకుండా ఇచ్చే చిన్న తెల్ల బిళ్ల, వారానికోసారి వేసే ‘నొప్పి సూది’ ఏళ్ల తరబడి నడిచి ఉండొచ్చు. ముఖం గుండ్రంగా ఉబ్బి, చేతులూ కాళ్లూ సన్నబడి, పొట్ట మీద ఊదారంగు చారలు పడి, కొద్దిగా తగిలినా చర్మం కమిలిపోతుంటే ముందు ఆ సంగతి తేలాలి. పొట్లం పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. భయపడి ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మోతాదు మెల్లగా తగ్గించాలి. మానసిక జబ్బులకూ, ఫిట్స్‌కూ వాడే కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. వాటిని మార్చే వీలుందేమో చూశాకే కత్తి మాట.

ఇక కిడ్నీలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు వాళ్లు ఈ ఒక్క విషయంలో మిగతా జిల్లా కంటే రెట్టింపు జాగ్రత్తపడాలి. ఉద్దానం కిడ్నీ జబ్బు షుగర్, బీపీ లేనివాళ్లకూ వస్తుంది. మొదట్లో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్లు వాయవు. అందుకని మూత్ర పరీక్ష బాగుందని వదిలేయకూడదు. రక్తంలో చూసే సీరం క్రియాటినిన్, దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంకె) కావాలి. ఈజీఎఫ్ఆర్ 60 లోపు వస్తే కిడ్నీ డాక్టరును కలవండి, మూడు నెలలకు మళ్లీ చేయించి రెండు కాగితాలూ చూపించండి. కిడ్నీ జబ్బు ఉంటే ఆపరేషన్ అసలే కుదరదని కాదు, కిడ్నీ మార్పిడికి సిద్ధం కావడానికే బరువు తగ్గించాల్సిన వాళ్లూ ఉంటారు. కాకపోతే ఆ నిర్ణయం సర్జన్ ఒక్కడిదే కాకూడదు. పొట్టను చిన్న సంచిలా చేసి పేగుకు అతికే బైపాస్ ఆపరేషన్ చేస్తే మూత్రంలో ఆక్సలేట్ పెరిగి రాళ్లు పడే అవకాశం ఎక్కువ. రాళ్ల చరిత్ర ఉన్నవాళ్లు ఆ మాట దాచకూడదు.

కిడ్నీ సంగతి నేరుగా ఎండాకాలానికి ముడిపడి ఉంది. స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టను నిలువునా కత్తిరించి దాదాపు నాలుగింట మూడొంతులు తీసేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం. తర్వాతి వారాల్లో చెంబెత్తి గటగటా తాగడం కుదరదు. గుక్కగుక్కగా రోజంతా తాగితేనే లీటరున్నర చేరుతుంది. ఏప్రిల్, మే ఎండలో జీడితోటలోనో, ఇటుక బట్టీ దగ్గరో, వేట పడవ మీదో పనిచేసే మనిషికి ఆ లీటరున్నర ఏ మూలకూ చాలదు. నీరు తగ్గితే మొదట దెబ్బ తినేది కిడ్నీలే. ఎండలో పని తప్పని వాళ్లు ఫిబ్రవరి నుంచి మే వరకు తేదీ పెట్టుకోకపోవడం మంచిది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు, దారులు లేవు. ఆ నెలల్లో చేయించుకుంటే మొదటి పది రోజులు ఊరికి రాకుండా విశాఖలోనే ఎక్కడైనా ఉండండి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కుట్లు లీకయితే గంటలు లెక్క.

పొగ గురించి అడిగితే మన ఆడవాళ్లు లేదనేస్తారు. అడ్డపొగ వాళ్ల లెక్కలో పొగ తాగడం కాదు మరి. నిప్పు నోట్లో పెట్టుకుని పీల్చినా చుట్ట చుట్టే. కనీసం ఆరు వారాల ముందు మానాలి, తర్వాత మళ్లీ ముట్టకూడదు. బైపాస్ అయినవాళ్లు పొగ తాగితే అతుకు దగ్గర పుండు పడుతుంది. నోట్లో అంగిలి మీద తెల్ల మచ్చ, పుండు ఉంటే ముందు అది చూపించండి. కల్లు, సారా రోజూ కావలసిన వాళ్లకు ఇది సమయం కాదు. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ అయితే, కొద్దిగా తాగినా మత్తు త్వరగా ఎక్కుతుంది, అలవాటు ముదురుతుంది.

ఛాతీలో మంట, పుల్లతేన్పులు ఎక్కువగా ఉన్నవాళ్లకు స్లీవ్ చేస్తే అవి ఇంకా పెరగొచ్చు. అందుకే ఎండోస్కోపీ చేయించకుండా ఏ రకమో తేల్చకూడదు. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లకు నిద్ర పరీక్ష కావాలి. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే మూడు రోజుల ముందే ఆపుతారు, లేకపోతే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారొచ్చు. పిల్లల కోసం చూస్తున్న ఆడపిల్లలు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం ఆపుకోగలరా అని తమను తాము అడగాలి. బరువు తగ్గగానే ఆగిన నెలసరి తిరిగొస్తుంది, బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగ్గా ఒంటబట్టకపోవచ్చు. పెళ్లి ముహూర్తం పెట్టుకుని ఆపరేషన్ తేదీ వెతకడం మానుకోండి.

ఆ తర్వాత బతుకంతా బి12, ఐరన్, క్యాల్షియం, డి విటమిన్ మాత్రలు వేసుకోవాలి. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములే. చోడి (రాగి) అంబలి, గంజి మీద నడిచే ఇంట్లో గుడ్లు, చేపలు, పప్పు, పెరుగు పెంచే స్తోమత ఉందా, వాటిని వేరేగా వండిపెట్టే మనిషి ఉందా చూడండి. లేదంటే జుట్టు రాలడంతో మొదలై కండ కరిగిపోతుంది. ఆకలి లేకపోయినా దిగులొస్తే తినే అలవాటు, అర్ధరాత్రి దొంగచాటుగా తినే అలవాటు ఉంటే ముందు మానసిక వైద్యుణ్ని కలవాలి.

ఒక కార్డు రాయించుకుని జేబులో పెట్టుకోండి, ఊళ్లో ఆర్ఎంపీకీ చూపించండి. ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ ఫోను నంబరు. దాని కింద రెండు మాటలు. ఒకటి: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు వద్దు. రెండు: వాంతులు రోజుల తరబడి ఆగకపోతే గ్లూకోజు బాటిల్ ఎక్కించే ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వాలి. వాంతులతో థయమిన్ అయిపోయిన ఒంట్లోకి ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమక కావడం దాని గుర్తులు. మొదటి రెండు వారాల్లో జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, నాడి నిమిషానికి 120 దాటడం, వీటిలో ఏది కనిపించినా గ్యాస్ మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూడకుండా, ఏ వేళైనా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే బయల్దేరండి.